కార్మెన్ రైన్‌హార్ట్

కార్మెన్ రైన్‌హార్ట్ (జననం: అక్టోబర్ 7, 1955) క్యూబాలో జన్మించిన అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త. ప్రభుత్వాలు చేసే అప్పులు, ఆ అప్పుల ఎగవేత, బ్యాంకుల పతనం, కరెన్సీ సంక్షోభాలు ఈమె ప్రధాన పరిశోధనా రంగాలు. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెడీ స్కూల్‌లో ఆచార్యురాలిగా చేరింది. 2020 నుండి 2022 వరకు ప్రపంచ బ్యాంకు ఉపాధ్యక్షురాలిగా, ముఖ్య ఆర్థికవేత్తగా పనిచేసింది. కెన్నెత్ రోగాఫ్‌తో కలిసి రచించిన "దిస్ టైమ్ ఈజ్ డిఫరెంట్" (ఈసారి సంగతి వేరు) అనే గ్రంథం 2009లో వెలువడి ఈమెకు ప్రపంచవ్యాప్త ఖ్యాతి తెచ్చింది. దేశాలు అప్పులు ఎగవేయడం అరుదుగా జరిగే ప్రమాదం కాదని, శతాబ్దాలుగా మళ్ళీ మళ్ళీ జరుగుతూ వస్తున్నదేనని పాత లెక్కలను పోగుచేసి చూపడం ఈమె పరిశోధనల సారాంశం. అదే లెక్కల విషయంలో 2010 నాటి ఒక వ్యాసంలో దొర్లిన పొరపాటు 2013లో బయటపడి తీవ్ర వివాదానికి దారితీసింది.

బాల్యం, విద్యాభ్యాసం

రైన్‌హార్ట్ క్యూబా రాజధాని హవానాలో జన్మించింది. ఫిడెల్ కాస్ట్రో నాయకత్వంలో 1959లో వచ్చిన విప్లవం తరువాత ఎందరో క్యూబా పౌరులు దేశం విడిచి వెళ్ళారు. ఈమె కుటుంబం కూడా 1966 జనవరిలో మూడు సూట్‌కేసులతో అమెరికా చేరుకుంది. అప్పటికి ఈమె వయస్సు పదేళ్ళు. మొదట కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాసడీనాలో నివసించిన కుటుంబం, తరువాత దక్షిణ ఫ్లోరిడాకు తరలి వెళ్ళింది.

ఫ్లోరిడా ఇంటర్నేషనల్ విశ్వవిద్యాలయంలో 1978లో పట్టా పొందింది. అక్కడ ఆచార్యుడు పీటర్ మాంటియెల్ ప్రోత్సాహంతో ఉన్నత విద్య కోసం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడే సహవిద్యార్థి విన్సెంట్ రైన్‌హార్ట్‌తో పరిచయమై వివాహం జరిగింది. ఆయన కూడా ఆర్థికవేత్తే. పరిశోధన పూర్తికాకముందే 1982లో ఈమె వాల్‌స్ట్రీట్‌లోని బేర్ స్టెర్న్స్ సంస్థలో ఉద్యోగంలో చేరి, కొద్దికాలంలోనే అక్కడ ముఖ్య ఆర్థికవేత్త స్థాయికి ఎదిగింది. తరువాత మళ్ళీ చదువు కొనసాగించి, రాబర్ట్ మండెల్ పర్యవేక్షణలో 1988లో డాక్టరేట్ పొందింది. మండెల్‌కు 1999లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వృత్తి జీవితం

1988లో ఈమె అంతర్జాతీయ ద్రవ్య నిధిలో చేరింది. లాటిన్ అమెరికా దేశాలు ఋణ సంక్షోభంలో మునిగి ఉన్న కాలమది. 1982 ఆగస్టులో మెక్సికో తన విదేశీ అప్పు చెల్లించలేనని ప్రకటించడంతో మొదలైన ఆ సంక్షోభం వరుసగా అనేక దేశాలకు పాకింది. 1996లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బోధన ప్రారంభించింది. 2001లో రోగాఫ్ ద్రవ్య నిధికి ముఖ్య ఆర్థికవేత్తగా నియమితుడైనప్పుడు, ఈమె అక్కడి పరిశోధనా విభాగానికి ఉప సంచాలకురాలిగా తిరిగి వెళ్ళి 2003 వరకు పనిచేసింది. తరువాత వాషింగ్టన్‌లోని పీటర్సన్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, 2012 నుండి హార్వర్డ్‌లోనూ పరిశోధన కొనసాగించింది.

నేపథ్యం: సార్వభౌమ ఋణం అంటే ఏమిటి?

ఒక దేశ ప్రభుత్వం చేసే అప్పును సార్వభౌమ ఋణం అంటారు. వ్యక్తి గానీ కంపెనీ గానీ అప్పు తీర్చకపోతే ఋణదాత కోర్టుకు వెళ్ళి ఆస్తులు జప్తు చేయించవచ్చు. సార్వభౌమాధికారం గల దేశం విషయంలో ఇది చాలావరకు సాధ్యం కాదు. కనుక దేశం అప్పు తీర్చడం దాని శక్తిపైనే కాక ఇష్టంపై కూడా ఆధారపడి ఉంటుంది. అప్పు తీర్చడం కోసం ప్రజలపై ఎంత భారం మోపవచ్చు అన్నది చివరకు రాజకీయ నిర్ణయం.

ఇందుకు "దిస్ టైమ్ ఈజ్ డిఫరెంట్"లో ఇచ్చిన ఉదాహరణ రుమేనియా. 1980వ దశకంలో ఆ దేశ నియంత నికొలాయ్ చౌషెస్కు విదేశీ అప్పు మొత్తం తీర్చివేయాలని పట్టుబట్టాడు. ఫలితంగా ప్రజలు చలికాలాల్లో ఇళ్ళు వెచ్చబరచుకునే అవకాశం లేక అల్లాడారు. విద్యుత్తు కొరతతో కర్మాగారాలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. ఇందుకు భిన్నమైనది న్యూఫౌండ్‌లాండ్ కథ. అప్పుల భారం మోయలేక ఆ దేశం 1934లో స్వపరిపాలనను వదులుకుని బ్రిటన్ నియమించిన కమిషన్ పాలనలోకి వెళ్ళింది. 1949లో కెనడాలో ఒక రాష్ట్రంగా చేరింది. ఎగవేసినా, ఎగవేయకపోయినా నష్టం భరించేవారు ఎవరో ఒకరు ఉంటారన్నది ఈ ఉదాహరణల వలన తెలుస్తుంది.

ఎగవేత అంటే అప్పును పూర్తిగా నిరాకరించడమే కాదు. వాయిదా తప్పడం, గడువు పొడిగించుకోవడం, వడ్డీ తగ్గించుకోవడం, అసలులో కోత పెట్టించుకోవడం కూడా పరిశోధకుల లెక్కలో ఎగవేత కిందికే వస్తాయి.

పరిశోధనలు

విదేశీ పెట్టుబడుల ప్రవాహం

ద్రవ్య నిధిలో ఉండగా గిల్లెర్మో కాల్వో, లియొనార్డో లీడర్‌మన్‌లతో కలిసి 1993లో ప్రచురించిన వ్యాసం ఈమె తొలి ముఖ్య రచనలలో ఒకటి. అప్పట్లో లాటిన్ అమెరికాకు విదేశీ పెట్టుబడులు తిరిగి వెల్లువెత్తాయి. సంస్కరణలు చేపట్టినందువల్లనే పెట్టుబడులు వస్తున్నాయని ఆయా ప్రభుత్వాలు భావించాయి. అయితే అమెరికాలో వడ్డీ రేట్లు పడిపోవడం వంటి బయటి కారణాల ప్రభావం కూడా ఇందులో గణనీయంగా ఉందని ఈ వ్యాసం చూపింది. బయటి కారణాలతో వచ్చిన డబ్బు, ఆ కారణాలు మారగానే వెనక్కి పోగలదన్న హెచ్చరిక ఇందులో ఉంది. 1994 డిసెంబరులో మెక్సికో కరెన్సీ పెసో కుప్పకూలినప్పుడు ఈ హెచ్చరిక అందరికీ గుర్తుకు వచ్చింది.

జంట సంక్షోభాలు

గ్రసియేలా కామిన్‌స్కీతో కలిసి 1999లో ప్రచురించిన "ట్విన్ క్రైసిస్" వ్యాసం బ్యాంకుల సంక్షోభానికీ, కరెన్సీ సంక్షోభానికీ గల సంబంధాన్ని పరిశీలించింది. 20 దేశాలలో 1970 నుండి 1995 వరకు సంభవించిన 76 కరెన్సీ సంక్షోభాలను, 26 బ్యాంకు సంక్షోభాలను ఇందుకు తీసుకున్నారు. సాధారణంగా బ్యాంకుల కష్టాలు ముందు మొదలవుతాయని, తరువాత కరెన్సీ పతనమవుతుందని, ఆ పతనం తిరిగి బ్యాంకులను మరింత కుంగదీస్తుందని వీరు కనుగొన్నారు.

తేలియాడే భయం

కాల్వోతో కలిసి 2002లో ప్రచురించిన "ఫియర్ ఆఫ్ ఫ్లోటింగ్" మారకపు రేట్లకు సంబంధించినది. తమ కరెన్సీ విలువను మార్కెట్‌కే వదిలివేశామని ప్రకటించిన దేశాలలో అనేకం వాస్తవానికి అలా చేయడం లేదని 39 దేశాల గణాంకాలతో ఈ వ్యాసం చూపింది. ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి అప్పు. డాలర్లలో అప్పు చేసిన దేశపు కరెన్సీ విలువ సగానికి పడిపోతే, ఆ దేశపు కరెన్సీలో లెక్కించిన అప్పు రెట్టింపవుతుంది.

ఋణాన్ని తట్టుకోలేనితనం

రోగాఫ్, మిగెల్ సవస్తానోలతో కలిసి 2003లో వెలువరించిన "డెట్ ఇన్‌టాలరెన్స్" అనే వ్యాసం సార్వభౌమ ఋణ పరిశోధనలో తరచుగా ఉదహరించబడేది. సంపన్న దేశాలు సులభంగా మోయగల స్థాయి అప్పు కూడా కొన్ని దేశాలను ఎందుకు కూలదోస్తుంది అన్నది ఇందులోని ప్రశ్న. ఐరోపా సమాఖ్య మాస్ట్రిక్ట్ ఒప్పందం ప్రకారం సభ్య దేశాల ప్రభుత్వ ఋణం స్థూల దేశీయోత్పత్తిలో 60 శాతం మించరాదు. కాగా 1970 తరువాత వర్ధమాన దేశాలలో జరిగిన ఎగవేతలలో సగానికి పైగా, విదేశీ అప్పు 60 శాతం కంటే తక్కువ ఉన్నప్పుడే జరిగాయి. 1982లో మెక్సికో అప్పు జాతీయోత్పత్తిలో 47 శాతం మాత్రమే. తరచుగా ఎగవేసిన చరిత్ర, అదుపు తప్పిన ద్రవ్యోల్బణపు చరిత్ర గల దేశాలకు విదేశీ అప్పు 15 - 20 శాతం దాటితేనే ప్రమాదం మొదలుకావచ్చని రచయితలు అభిప్రాయపడ్డారు. ఒకసారి ఎగవేసిన దేశపు వ్యవస్థలు బలహీనపడి, మరోసారి ఎగవేయడానికి దారి సుగమమవుతుంది. అందువలన ఈ లక్షణం నుండి బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది.

మరుగున పడిన దేశీయ ఋణం

ప్రభుత్వాలు తమ పౌరులనుండి, తమ బ్యాంకులనుండి చేసే అప్పును దేశీయ ఋణం అంటారు. దీనికి సంబంధించిన పాత గణాంకాలు చాలాకాలం పరిశోధకులకు సులభంగా దొరికేవి కావు. రైన్‌హార్ట్, రోగాఫ్‌లు నానాజాతి సమితి ప్రచురణల వంటి పాత పత్రాలనుండి 64 దేశాల వివరాలను 1914 నుండి సేకరించారు. సగటున మొత్తం ప్రభుత్వ ఋణంలో దాదాపు మూడింట రెండు వంతులు దేశీయ ఋణమేనని తేలింది. విదేశీ అప్పు స్వల్పంగా ఉండగానే కొన్ని దేశాలు ఎందుకు ఎగవేశాయో, కొన్ని ప్రభుత్వాలు ద్రవ్యోల్బణాన్ని ఎందుకు అంతగా పెరగనిచ్చాయో దీనివలన కొంత అర్థమవుతుంది. పైకి కనిపించే అప్పు వెనుక లెక్కకు రాని మరో అప్పు ఉందన్న మాట.

దిస్ టైమ్ ఈజ్ డిఫరెంట్

2009లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ఈ గ్రంథం 66 దేశాలకు చెందిన ఆర్థిక సంక్షోభాలను ఎనిమిది శతాబ్దాల మేరకు పరిశీలిస్తుంది. ప్రతి సంక్షోభానికి ముందు పాలకులు, పెట్టుబడిదారులు, నిపుణులు "పాత నియమాలు ఇప్పుడు వర్తించవు, ఈసారి సంగతి వేరు" అని నమ్మడమే గ్రంథ నామానికి ఆధారం. ఇందులోని ముఖ్యాంశాలు:

* 1800 నుండి కనీసం 250 విదేశీ ఋణ ఎగవేతలు, 68 దేశీయ ఋణ ఎగవేతలు జరిగాయి.
* ఇవి అలలవలె వచ్చాయి. నెపోలియన్ యుద్ధాల కాలం, 1820ల నుండి 1840ల చివరి వరకు, 1870 - 1890 దశకాలు, 1930ల మహా మాంద్యం నుండి 1950ల ఆరంభం వరకు, 1980 - 1990 దశకాలు ఇందులో ముఖ్యమైనవి.
* సంపన్న దేశాలు కూడా ఒకప్పుడు ఎగవేసినవే. స్పెయిన్ 1900 నాటికి 13 సార్లు ఎగవేసింది. ఫ్రాన్స్ 1558 - 1788 మధ్య 8 సార్లు ఎగవేసింది.
* గ్రీసు స్వతంత్రమైన నాటినుండి దాదాపు సగం సంవత్సరాలు ఎగవేతలోనో, ఋణ పునర్‌వ్యవస్థీకరణలోనో గడిపింది.
* భారతదేశానికి సంబంధించి 1958, 1969, 1972 సంవత్సరాలలో విదేశీ అప్పుల చెల్లింపు గడువులు సవరించుకున్న సందర్భాలు ఈ జాబితాలో నమోదయ్యాయి.

పుస్తకం వెలువడే నాటికి అమెరికాలో 2007లో మొదలైన గృహ ఋణాల సంక్షోభం ప్రపంచమంతటా వ్యాపించింది. బ్యాంకు సంక్షోభం తరువాత మూడేళ్ళలో ప్రభుత్వ ఋణం సగటున 86 శాతం పెరుగుతుందని రచయితలు గతానుభవం ఆధారంగా లెక్కగట్టారు. ఇందుకు ప్రధాన కారణం బ్యాంకులను ఆదుకునే ఖర్చు కాదు, మాంద్యం వలన పన్నుల రాబడి పడిపోవడం. 2010లో గ్రీసు తన అప్పుల కోసం ఐరోపా సమాఖ్యను, ద్రవ్య నిధిని ఆశ్రయించినప్పుడు ఈ గ్రంథానికి పాఠకాదరణ మరింత పెరిగింది.

ఆర్థిక అణచివేత

ఎగవేయకుండానే అప్పు భారం తగ్గించుకునే మార్గం ఒకటుంది. వడ్డీ రేట్లపై పరిమితి విధించి, బ్యాంకులు తమ నిధులలో కొంత భాగాన్ని తప్పనిసరిగా ప్రభుత్వ బాండ్లలో పెట్టేలా చేసి, పెట్టుబడులు దేశం దాటి పోకుండా ఆంక్షలు పెట్టడం ఆ మార్గం. దీనిని ఆర్థిక అణచివేత అంటారు. వడ్డీ కంటే ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉంటే, పొదుపు చేసినవారి సొమ్ము కరుగుతూ పోతుంది, ప్రభుత్వ ఋణం విలువ తగ్గుతూ పోతుంది. అంటే ఇది శాసనసభలో చర్చ లేకుండా వసూలయ్యే పన్ను.

బెలెన్ స్బ్రాన్సియాతో కలిసి 2011లో వెలువరించిన పరిశోధనలో, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా, బ్రిటన్‌లు తమ భారీ అప్పులను ఈ విధంగానే చాలావరకు కరిగించుకున్నాయని ఈమె చూపింది. ఆ రెండు దేశాలలో ఇలా కరిగిన అప్పు ఏటా జాతీయోత్పత్తిలో 3 - 4 శాతం వరకు ఉంది. భారతీయ పాఠకులకు ఈ విధానం పరిచితమే. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం కింద బ్యాంకులు తమ డిపాజిట్లలో నిర్ణీత భాగాన్ని ప్రభుత్వ పత్రాల వంటి వాటిలో ఉంచాలి. చట్టబద్ధ ద్రవ్యత్వ నిష్పత్తి అని పిలువబడే ఈ భాగం 1990లో 38.5 శాతానికి చేరి, 1991 తరువాతి సంస్కరణలలో క్రమంగా తగ్గింది.

వాటర్లూ నుండి నేటి వరకు

జోసెఫిన్ మేయర్, క్రిస్టఫ్ ట్రెబెష్‌లతో కలిసి ఈమె లండన్, న్యూయార్క్ మార్కెట్లలో అమ్ముడైన విదేశీ ప్రభుత్వ బాండ్ల నెలవారీ ధరలను 1815 నుండి 2016 వరకు సేకరించింది. ఇవి రెండు లక్షలకు మించినవి. ఇన్ని ఎగవేతలు, యుద్ధాలు జరిగినా ఈ బాండ్లపై నిజ రాబడి సగటున ఏటా 6 శాతానికి పైగా ఉందని తేలింది. ఎగవేసిన సందర్భాలలో కూడా ఋణదాతలు నష్టపోయినది సాధారణంగా అప్పులో సగం కంటే తక్కువే. పూర్తిగా చేతులెత్తేసిన దేశాలు అరుదు. ఎగవేసిన దేశాలకు మళ్ళీ అప్పు ఎందుకు పుడుతుందన్న పాత ప్రశ్నకు ఇది ఒక సమాధానం.

చైనా ఇచ్చిన అప్పులు

ట్రెబెష్, సెబాస్టియన్ హార్న్‌లతో కలిసి 2019లో వెలువరించిన మరొక పరిశోధన, చైనా ప్రభుత్వం, ప్రభుత్వ రంగ బ్యాంకులు ఇతర దేశాలకు ఇచ్చిన అప్పులకు సంబంధించినది. వర్ధమాన దేశాలకు చైనా ఇచ్చిన అప్పులలో దాదాపు సగం ద్రవ్య నిధి, ప్రపంచ బ్యాంకుల గణాంకాలలో కనిపించడం లేదని వీరు అంచనా వేశారు. ఒక దేశానికి మొత్తం అప్పు ఎంత ఉందో తెలియకపోతే, అది తీర్చగలదో లేదో అంచనా వేయడం ఇతర ఋణదాతలకు సాధ్యం కాదు.

2010 నాటి వ్యాసం - వివాదం

రైన్‌హార్ట్, రోగాఫ్‌లు 2010లో "గ్రోత్ ఇన్ ఎ టైమ్ ఆఫ్ డెట్" అనే చిన్న వ్యాసం ప్రచురించారు. ప్రభుత్వ ఋణం దేశీయోత్పత్తిలో 90 శాతం దాటిన దేశాలలో ఆర్థికాభివృద్ధి బాగా మందగిస్తుందని అందులో పేర్కొన్నారు. 1946 - 2009 మధ్య 20 సంపన్న దేశాలలో, అప్పు 90 శాతం మించిన సంవత్సరాలలో సగటు వృద్ధి -0.1 శాతంగా చూపారు. ఐరోపా కమిషన్ సభ్యుడు ఒలి రేన్, అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు పాల్ రయన్ వంటివారు ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలన్న తమ వాదనకు మద్దతుగా ఈ వ్యాసాన్ని ఉదహరించారు. అప్పటికి గ్రీసు, స్పెయిన్‌లలో వేతనాలు, పింఛనుల కోతలు, నిరుద్యోగం ప్రజలను కుదిపివేస్తున్నాయి.

2013 ఏప్రిల్‌లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఆచార్యులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లు ఈ లెక్కలను తిరిగి పరిశీలించి మూడు లోపాలు చూపారు.

* ఎక్సెల్ పట్టికలో సగటు తీసేటప్పుడు వరుసలు సరిగా ఎంచుకోనందున ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ దేశాలు లెక్కలోకి రాలేదు.
* ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండ్‌లకు చెందిన యుద్ధానంతర తొలి సంవత్సరాల గణాంకాలు చేర్చలేదు.
* ప్రతి దేశానికి సమాన ప్రాధాన్యం ఇవ్వడం వలన, న్యూజీలాండ్‌లో ఒకే ఒక్క సంవత్సరం (1951) నమోదైన -7.6 శాతం, బ్రిటన్‌లో 19 సంవత్సరాల సగటైన 2.4 శాతంతో సమానంగా లెక్కకు వచ్చింది.

ఈ మూడింటినీ సవరిస్తే సగటు వృద్ధి 2.2 శాతమని హెర్న్‌డన్ బృందం తేల్చింది. అప్పు 60 - 90 శాతం మధ్య ఉన్నప్పటి సగటు, వారి లెక్క ప్రకారం 3.2 శాతం. అంటే అప్పు పెరిగిన కొద్దీ వృద్ధి కొంత తగ్గుతున్నదే గానీ, 90 శాతం వద్ద అగాధమేదీ లేదు.

ఎక్సెల్ పొరపాటును రైన్‌హార్ట్, రోగాఫ్‌లు అంగీకరించారు. మిగతా రెండు అంశాలు ఉద్దేశపూర్వకమైన లోపాలు కావని, కొన్ని గణాంకాలు అప్పటికి తమ వద్ద సిద్ధంగా లేవని వివరించారు. తమ మూల వ్యాసంలోనే మధ్యగత వృద్ధిని 1.6 శాతంగా ఇచ్చామని, అధిక ఋణానికీ అల్ప వృద్ధికీ సంబంధం ఉందన్న నిర్ధారణ చెక్కుచెదరలేదని వాదించారు. విన్సెంట్ రైన్‌హార్ట్‌తో కలిసి 2012లో ప్రచురించిన మరో పరిశోధనలో, సంపన్న దేశాలలో 1800 నుండి అప్పు ఐదేళ్ళకు పైగా 90 శాతం మించి ఉన్న 26 సందర్భాలను వీరు పరిశీలించారు. ఆ కాలాలలో వృద్ధి ఏటా 1.2 శాతం పాయింట్లు తక్కువగా ఉంది. అయితే అప్పు వలన వృద్ధి తగ్గిందా, వృద్ధి తగ్గినందువలన అప్పు పెరిగిందా అన్న ప్రశ్నను విమర్శకులు లేవనెత్తారు. ఈ వివాదం తరువాత ఆర్థిక పరిశోధనలలో వాడిన గణాంకాలను, లెక్కల పట్టికలను ఇతరులు పరిశీలించే వీలు కల్పించాలన్న వాదన బలపడింది. హెర్న్‌డన్ ఈ తప్పును పట్టుకోగలిగింది కూడా రచయితలు తమ పట్టికను అతనికి పంపినందువల్లనే.

ప్రపంచ బ్యాంకులో

2020 జూన్‌లో, కోవిడ్ మహమ్మారి విజృంభించిన సమయంలో, ఈమె ప్రపంచ బ్యాంకు ముఖ్య ఆర్థికవేత్తగా బాధ్యతలు స్వీకరించింది. అప్పటికే జి-20 దేశాలు 73 పేద దేశాలకు ఋణ చెల్లింపుల తాత్కాలిక నిలుపుదల పథకాన్ని ప్రకటించాయి. ఇది 2020 మే నుండి 2021 డిసెంబరు వరకు అమలైంది. 48 దేశాలు వినియోగించుకున్నాయి. సుమారు 1,290 కోట్ల డాలర్ల చెల్లింపులు వాయిదా పడ్డాయి. అయితే ప్రైవేటు ఋణదాతలు ఈ పథకంలో దాదాపుగా చేరలేదు. వాయిదా వేసినంత మాత్రాన అప్పు తగ్గదు కనుక, తీర్చలేని అప్పులో సకాలంలో కోత అవసరమని, ఋణ ఒప్పందాలలో గోప్యత తొలగాలని ఈమె పదేపదే చెప్పింది. 2020 నవంబరులో జాంబియా, 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేశాయి. శ్రీలంకలో ఇంధనం, మందులు, వంటగ్యాసు కోసం ప్రజలు రోజుల తరబడి వరుసలలో నిలబడవలసి వచ్చింది. 2022లో ఈమె పదవీకాలం ముగించుకుని హార్వర్డ్‌కు తిరిగి వెళ్ళింది. ఈమె స్థానంలో భారత సంతతికి చెందిన ఇందర్‌మిత్ గిల్ నియమితుడయ్యాడు.

పురస్కారాలు, ప్రభావం

2018లో స్పెయిన్ దేశపు రాజా హువాన్ కార్లోస్ ఆర్థిక శాస్త్ర పురస్కారం, జర్మనీలోని కీల్ సంస్థ ఇచ్చే బెర్న్‌హార్డ్ హార్మ్స్ పురస్కారం ఈమెకు లభించాయి.

సిద్ధాంతాలు, గణిత నమూనాలు ప్రధానమైన కాలంలో రైన్‌హార్ట్ పాత దస్తావేజులను తవ్వి, వాటినుండి దీర్ఘకాల గణాంకాలను నిర్మించే పద్ధతికి ఆదరణ తెచ్చింది. దేశీయ ఋణం, అణచివేత ద్వారా కరిగించిన ఋణం, చైనా ఇచ్చిన గుప్త ఋణం - ఈమె ప్రధాన పరిశోధనలలో అనేకం అప్పటివరకు లెక్కలలో కనిపించని అప్పులను వెలికి తీసినవే. 2010 నాటి వ్యాసంలోని నిర్దిష్టమైన 90 శాతం హద్దు వివాదాస్పదంగానే మిగిలినా, ఎగవేతల చరిత్రకు సంబంధించి ఈమె, సహపరిశోధకులు కూర్చిన పట్టికలను సార్వభౌమ ఋణంపై పరిశోధన చేసేవారు విరివిగా ఉపయోగిస్తున్నారు.